ఎనిమిదింటి ముద్ద

మైదుకూరు,
3 ఫిబ్రవరి 2026

మహానంది బావకు రబ్బానీ సలాములు.

మా అమ్మాయి షాహనా నీకు ఫోను చేసి నా కాలి సంగతి చెప్పిందట. నువ్వేమన్నావో నాకు తెలియదు. చెవులు దాదాపుగా పోయాక ఫోను నాకు సబ్బుబిళ్ళతో సమానం. నీదేమో బొత్తాల ఫోను, దాంట్లో రాసి పంపినా నువ్వు చదవలేవు. అందుకే కవర్లు కొన్నాను. ఈ వయసులో మనిద్దరికీ పోస్టుమానే దిక్కయ్యాడు.

స్నానాలగదిలో జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. కడపలో ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది. కానీ మంచంలో పడుకున్న నెలల్లో ఆ తొడ సగమైపోయింది బావా. జీవితమంతా ఊరివాళ్ళ పరుపుల్లో దూది నింపినవాణ్ణి, ఇప్పుడు నా తొడే అణిగిపోయిన పాత పరుపులా ఉంది. కుర్చీ చేతులు పట్టుకోకుండా లేవలేను.

షాహనా ఆసుపత్రిలో రోగులకు ఏం తినాలో చెప్పే ఉద్యోగం చేస్తుంది కదా. ఇప్పుడు ఇంట్లోనే ఒక రోగి దొరికాడు. పొద్దున్నే గుడ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం ఉడకబెట్టిన అలసందలు, రాత్రి మళ్ళీ కోడికూర. "ఇంత తిని నేనేమన్నా కుస్తీకి పోతాండానా?" అని అడిగితే పలక మీద రాసి చూపించింది: "కండ పెరగాలంటే దానికి పని చెప్పాల, కూడు పెట్టాల. ఒకటి చేసి ఇంకోటి మానుకుంటే పెరగదు నాయనా." ఉద్యోగంలో ఉన్నప్పుడు మంచి తెలుగు మాట్లాడుతుంది. నా మీద కోపమొస్తే రాతలో కూడా మన భాషే వస్తుంది.

అదలా ఉంచు. శాంతయ్య ఈసారి పీర్ల పండుగలో పెద్ద పీరును ట్రాక్టరు మీద ఎక్కిస్తానంటున్నాడని ఇక్కడికి వచ్చిన మన ఊరివాళ్ళు చెప్పారు. మీ తాత, మీ నాయన, నువ్వు. మీ భుజాలు తప్ప ఆ పీరు ఇంకేమీ ఎరగదు. నిజమేమిటో రాయి.

నీ రబ్బానీ


నందికొట్కూరు,
20 ఫిబ్రవరి

రబ్బానీ బావకు మహానంది నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఇంట్లో నవ్వి చాలా రోజులైంది. నిన్ను సొంత అన్నగా చూసుకున్న మా ఇంటిది సుబ్బరత్న పోయి ఏడాది దాటింది. నీ జాబు వచ్చిందంటే మొదట తనే అడిగేది, "మా అన్న ఏం రాసినాడు" అని.

నువ్వు విన్నది నిజమే. శాంతయ్య పీర్ల పండుగ పెద్ద అయ్యాడు. చావడి దగ్గర అందరి ముందూ నాతో అన్నాడు: "మామా, తప్పుగా అనుకోవద్దు. పోయినేడు కాలువ గట్టు ఎక్కేటప్పుడు నీ మోకాళ్ళు వణికింది నేను చూసినా. పెద్ద పీరు చెయ్యి జారితే ఎవురు బాధ్యులు? ట్రాక్టరు కడిగి, పూలు కట్టి, దాని మీద మర్యాదగా తీసుకపోదాం."

అతను చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ బాధ. పిల్లలు లేని ఇల్లు నాది. నేను దించానంటే మా ఇంటి భుజం ఇక లేనట్టే. నాకు మిగిలింది ఏడాదికి ఆ ఒక్క రోజు బావా. అది కూడా పోతే నేను ఈ ఊళ్ళో ఎందుకున్నానో నాకే తెలియదు.

చివరికి ఒక మాట మీద నిలిచాం. మొహర్రం నెలవంక కనబడిన రోజు పీర్ల చావడి ముందరి రాతిగుండును నేను ఎత్తి చూపాలి. ఎత్తితే పీరు నాది, లేకపోతే ట్రాక్టరుది. పడుచుతనంలో నువ్వూ నేనూ పందెం వేసుకుని ఎత్తిన ఆ నల్లగుండే. రోజూ తెల్లవారుజామున పోయి ఎత్తుతున్నాను. ఇప్పటికి నడుము దాకా వస్తోంది. మార్కెట్ యార్డులో బస్తాలు మోసి పెరిగిన ఒళ్ళు ఇది. మోసే కొద్దీ బలం అదే వస్తుంది.

తిండికేం లోటు లేదు. సంగటి, పప్పు, పెరుగు, అన్నీ నడుస్తున్నాయి. ఇంకా ఒకటి కూడా చేస్తున్నాను. అది పీరుకూ నాకూ మధ్య మాట, నీకు చెప్పను.

కాలు జాగ్రత్త.
మహానంది


మైదుకూరు,
12 మార్చి

మహానంది బావా,

నా పరువు పోయిన కథ రాస్తాను, విను.

రంజాను నెల వచ్చింది. రోజా ఉండకూడదని డాక్టరు, షాహనా ఒక్కటై చెప్పారు. ఊహ తెలిసినప్పటి నుంచి వదలని రోజా. ఇంట్లో అందరూ ఉపవాసముంటే నేనొక్కణ్ణే గుడ్డు ఒలుచుకుని తినాలట. గొంతు దిగుతుందా? షాహనా డ్యూటీకి పోగానే నా తిండంతా కిటికీలోంచి పక్కింటి పిల్లికి వేశాను. దాని ముందే కుర్చీలోంచి లేచే కసరత్తు కూడా చేసేవాణ్ణి. పిల్లి తింటూ నన్ను చూసేది.

కొన్నాళ్ళకు షాహనా టేపు పెట్టి తొడ కొలిచింది. పెరగలేదు సరికదా, తగ్గింది. అది తలపట్టుకుని కూర్చుంది. పిల్లేమో గోడ దూకబోయి దూకలేక కింద పడింది. షాహనా పిల్లిని చూసింది, నన్ను చూసింది. పలక తీసుకోలేదు. నాకు వినబడేలా అరిచింది. వీధి మొత్తానికి వినబడింది.

తర్వాత నెమ్మదిగా రాసి చెప్పింది. కసరత్తు చేసినప్పుడు కండ లోపల కొద్దిగా చిట్లుతుందట. తిన్న తిండిలోని ప్రొటీన్ తీసుకుని ఒళ్ళు దాన్ని మునుపటి కంటే గట్టిగా కుడుతుందట. ఆ కుట్టే పనికి కేలరీలు కావాలి, అంటే కడుపు నిండా కూడు కావాలి. అది లేకుండా కసరత్తు చేస్తే ఒళ్ళు ఉన్న కండనే కరిగించి పొయ్యిలో పెట్టుకుంటుందట. ముసలివాళ్ళలో ఇంకా తొందరగా. ఇది నాకు అర్థం కావడానికి ఇన్నాళ్ళు పట్టడం సిగ్గుచేటు. దూది లేకుండా ఎంత ఏకినా పరుపు అవుతుందా?

మజీదు హజరత్ కూడా ఇంటికి వచ్చి చెప్పిపోయాడు. జబ్బు మనిషికి రోజా నుంచి మినహాయింపు ఉంది, బదులుగా రోజూ ఒక పేదవాడికి అన్నం పెట్టమన్నాడు. పెడుతున్నాను. నేనూ తింటున్నాను. పిల్లి అలిగింది.

గుండు ఎంత దాకా వచ్చింది?
రబ్బానీ


నందికొట్కూరు,
10 ఏప్రిల్

బావకు,

పిల్లి కథ చావడి దగ్గర చదివి వినిపించాను. శాంతయ్య కూడా నవ్వాడు.

గుండు సంగతి అడిగావు. ఎందుకో వెనక్కి పోతోంది. ఫిబ్రవరిలో నడుము దాకా వచ్చిన గుండు ఇప్పుడు మోకాళ్ళు దాటడం లేదు. ఎండలు కదా, అదే కారణం అయివుంటుంది. చొక్కాలు వదులయ్యాయి. ఎత్తి దించాక కళ్ళు తిరిగి కాసేపు చావడి అరుగు మీద పడుకుంటున్నాను. పర్వాలేదు, ఇంకా రెండు నెలలుంది.

నీ దగ్గర దాచడం ఎందుకని, ఆ మాట కూడా చెప్పేస్తున్నాను. శివరాత్రి నుంచి పెద్ద పీరు పేరున ఒక్కపొద్దు ఉంటున్నాను. పీరు ఎత్తే పది రోజులూ ఒక్కపొద్దు ఉంటేనే అంత బలం వస్తుంటే, నాలుగు నెలలు ఉంటే ఎంత రావాలి? పొద్దువాలాక ఒక్కసారి, ఉన్నదేదో తింటాను. గుడ్డు, నీచు ముట్టడం లేదు. మా నాయన కూడా ఇంత నిష్ఠ చేయలేదు. పీరు చూస్తూ ఊరుకోడు. నాకు ఆ నమ్మకముంది.

నీ తొడ ఎలా ఉంది?
మహానంది


మైదుకూరు,
17 ఏప్రిల్

మహానందీ,

బావా అని కూడా రాయబుద్ధి కావడం లేదు.

ఎవడు చెప్పాడు నీకు ఇది? ఆ పీరుకు సేవ చేసే ముజావర్లం మేము. చావడి తలుపు తాళం మా తాత నుంచి మా ఇంట్లో ఉంది. ఒక్కపొద్దు నెలవంక చూశాక పది రోజులే. నాలుగు నెలల ఒక్కపొద్దు ఏ పీరూ అడగలేదు. పీరు పేరు చెప్పి నువ్వు నీ ఒళ్ళును నువ్వే తింటున్నావు. రోజూ గుండు ఎత్తి ఒంట్లోంచి తీస్తున్నావు. తిరిగి ఒక్క ముద్ద వేయడం లేదు. నీ ఉత్తరం షాహనాకు చూపించాను. చదివి తెల్లబోయింది. "మామ గుండు ఎత్తడం ఈ పొద్దే ఆపాల. ముందు తినాల. ఇట్లే చేస్తే పీరు మాట దేవుడెరుగు, మనిషే దక్కడు" అని రాసింది.

బస్తాలు మోసి బలం వచ్చిందని రాశావు. నేను చూడలేదనుకున్నావా? యార్డుకు నా చెల్లెలు సద్ది తెచ్చేది. పెద్ద గిన్నెలో సంగటి, దాని మధ్య గుంటలో నెయ్యి, ఉలవచారు, ఆదివారమైతే నాటుకోడి. నువ్వు ఉన్నదంతా తిని గిన్నె గోకేవాడివి. నిన్ను పెంచింది బస్తాలు కాదు, ఆ గిన్నె.

ఇంకొకటి. నేను పిల్లికి వేసినవాణ్ణి. తినకుండా తిన్నానని రాసే ఉత్తరం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "సంగటి, పప్పు, పెరుగు, అన్నీ నడుస్తున్నాయి" అని ఫిబ్రవరిలో రాశావు. ఒక్కపొద్దు అప్పుడే మొదలైందిగా. కాబట్టి అది అబద్ధం. ఇప్పుడు రాసింది కూడా మొత్తం నిజం కాదని నా అనుమానం.

నిజం రాయి.
రబ్బానీ


నందికొట్కూరు,
5 మే

రబ్బానీ బావకు,

నీ ఉత్తరానికి కోపం వచ్చింది. చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

ఒక్కడికి సంగటి చేయడం రాదు బావా. సుబ్బరత్న గిన్నెలన్నీ ఇద్దరికి పైగా సరిపోయేవే. పిడికెడు బియ్యం, పిడికెడు పిండి వేస్తే అడుగున అంటుకుని మాడిపోతుంది. మొదట్లో ఇద్దరికి సరిపోయేంత చేసేవాణ్ణి. అన్నం పెట్టుకుని తట్ట ముందు కూర్చుంటే ఎదురుగా ఆమె పీట కనబడేది. సగం తిని లేచేవాణ్ణి. మిగిలింది కుక్కకు. పారేసేటప్పుడు ప్రాణం పోయినట్టుండేది. తర్వాత పొద్దున పొయ్యి వెలిగించడం మానేశాను. మధ్యాహ్నం కూడా మానేశాను.

ఏమప్పా తిన్నావా అని ఊళ్ళోవాళ్ళు అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఒక్కపొద్దు అంటే ఎవరూ ఇంకేం అడగరు. చేతులెత్తి దండం పెడతారు. చెబుతూ చెబుతూ నేనే నమ్మాను.

ఆకలి కావడం లేదు బావా. అది అసలు సంగతి. ఎన్నాళ్ళనుంచో కావడం లేదు. పీరును మోయాలని మాత్రం ఉంది.

మహానంది


మైదుకూరు,
11 మే

మహానంది బావకు,

పోయిన ఉత్తరంలో నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. ఏమనుకోవద్దు. నీ ఉత్తరం షాహనాకు చూపించలేదు. మనిద్దరి మధ్యే ఉంటుంది. తినడానికి బుద్ధి పుట్టడం లేదని మాత్రం చెప్పాను.

మైదుకూరుకు వచ్చెయ్యమంటే నువ్వు రావు, నాకు తెలుసు. అందుకని ఇలా చేద్దాం. రేపటి నుంచి పొద్దున సరిగ్గా ఎనిమిదికి నేను తట్ట ముందు కూర్చుంటాను. నువ్వూ అక్కడ కూర్చో. మధ్యలో ఇంత దూరం ఉందంటే ఉండనీ. నేను ముద్ద కలిపేటప్పుడు నువ్వూ కలుపుతున్నావని అనుకుంటాను. నువ్వు కూర్చోకపోతే నేను ఒక్కణ్ణే తింటున్నట్టు. కాలు విరిగిన చెవిటివాణ్ణి ఒంటరిగా తిననిస్తావా? మధ్యాహ్నం, రాత్రి కూడా ఇంతే, కానీ ఎనిమిది మాత్రం తప్పకూడదు.

ఈ పొద్దే మన ఊరికి వస్తున్న ఒకతనితో ఈ ఉత్తరం, చిన్న సత్తుగిన్నె పంపుతున్నాను. ఒక్క మనిషికి సంగటి దాంట్లో మాడదు, నేను చేసి చూశాను. షాహనా చెప్పమన్నది ఇది: ఒక్కసారిగా ఎక్కువ తినబోవద్దు, కడుపు ఒప్పుకోదు. మొదట కొద్దికొద్దిగా, రోజుకు ఎక్కువసార్లు. ప్రతిసారీ ఏదో ఒక ప్రొటీన్ ఉండాలి. గుడ్డో, పెరుగో, గట్టి పప్పో, గుప్పెడు వేరుశనగలో. ఆకలి కోసం కాచుకోవద్దు, వేళకు కూర్చుంటే కొన్నాళ్ళకు అదే వస్తుంది. రెండు వారాలు గుండు ముట్టొద్దు. తర్వాత ముందు చిన్న రాయితో, రోజు విడిచి రోజు. విశ్రాంతి రోజే కండ పెరిగేదట. నీ వయసుకు పడుచుతనపు కండ రాదు, పోయినదాంట్లో కొంత మాత్రం తిరిగొస్తుంది అని కూడా రాసింది. ఆసుపత్రిలో ఒకసారి రక్తపరీక్ష చేయించుకో.

రేపు ఎనిమిదికి.
రబ్బానీ


నందికొట్కూరు,
18 జూన్

రబ్బానీ బావకు,

నిన్న నెలవంక కనబడింది. చావడి ముందు ఊరంతా చేరింది. శాంతయ్య ట్రాక్టరు కడిగించి వేపచెట్టు కింద పెట్టాడు.

గుండు భుజానికి రాలేదు బావా. రొమ్ము దాకా వచ్చి నిలిచింది. అక్కడ పట్టుకుని నిలబడ్డాను, అంతకు మించి పోలేదు. అయిపోయిందనుకున్నాను. శాంతయ్య నా మోకాళ్ళ వైపే చూస్తున్నాడు. నేను మెల్లగా దించాక అన్నాడు: "భుజానికి రాలేదు గానీ మామా, కాళ్ళు వణకలేదు. నాకు కావాల్సింది అదే. పీరును నువ్వే ఎత్తు. ట్రాక్టరు ఎనకాల వస్తాంటాది, చాతకాకపోతే సిగ్గుపడకుండా చెప్పు." ఒప్పుకున్నాను. ఆ ట్రాక్టరు చప్పుడు వీపు మీద పెట్టుకుని నడవాలి. మధ్యలో ఆగానంటే వచ్చే ఏడు నన్ను అడగను కూడా అడగరు.

నీ గిన్నె అందిన మర్నాటి నుంచి రోజూ ఎనిమిదికి కూర్చున్నాను. ఆకలి లేకపోయినా కూర్చున్నాను. నువ్వు తింటున్నావు కదా అని తిన్నాను. మొదట్లో మందు మింగినట్టే ఉండేది. రక్తపరీక్షలో కొద్దిగా రక్తం తక్కువని మాత్రలిచ్చారు. చొక్కా మళ్ళీ ఒంటికి అంటుతోంది.

ఇప్పుడు నిజమైన ఒక్కపొద్దు మొదలైంది. భయపడి షాహనాకు ఫోను చేశాను. "ఒక్కపొద్దంటే ఒక్కసారి తినడం మామా, కొంచెం తినడం కాదు. ఆ ఒక్కసారి గట్టిగా తిను. మజ్జిగ, పాలు తాగు. నీ కండ పది రోజులకు యాడికీ పోదు" అంది. పది రోజులు మన ఎనిమిది ఉండదు. నువ్వు తిను.

నువ్వు రాలేవని తెలుసు. ఎప్పుడూ నువ్వు అందించే పీరును ఈసారి మీ తమ్ముడి కొడుకు సైఫుల్లానే నా చేతికందిస్తాడు. పిల్లవాడు బాగానే చేస్తాడు.
మహానంది


నందికొట్కూరు,
30 జూన్

రబ్బానీ బావకు,

క్షేమంగా చేరావని షాహనా చెప్పింది. నువ్వు ఉన్న రెండు రోజులూ చుట్టూ జనం. నీతో గట్టిగా అరిచి మాట్లాడలేక ఇప్పుడు రాస్తున్నాను.

వస్తానని ఒక్క ముక్క రాయలేదు. బస్సులు మారి, కర్ర పట్టుకుని, చావడి మెట్లెక్కి వచ్చి గద్దె ముందు గొంతుకూర్చుంటే నాకు గుండె జారిపోయింది. అక్కడ నుంచి పెద్ద పీరును పట్టుకుని లేవాలి. పట్టుకోవడానికి కుర్చీ చేతులు ఉండవు. సైఫుల్లా సాయం పట్టబోతే వాణ్ణి మోచేత్తో నెట్టేశావు. తర్వాత లేచావు. నెమ్మదిగా లేచావు గానీ లేచావు. అప్పుడు అర్థమైంది, ఇన్ని నెలలు ఆ గుడ్లు, అలసందలు తిని కుర్చీలోంచి లేచింది ఎందుకో. నాతో కాలు కాలు అన్నావే తప్ప ఇది చెప్పలేదు.

నీ చేతుల్లోంచి నా చేతుల్లోకి పీరు వచ్చినప్పుడు నాకు బరువు తెలియలేదు. కాలువ గట్టు దగ్గర తెలిసింది. ట్రాక్టరు వెనకాలే గుర్రుమంటోంది. భుజం మండిపోయింది. ఒకసారి ఆగాను. శాంతయ్య పక్కకు వచ్చాడు. గట్టు ఎక్కేశాను. కాలువలో చుక్క నీళ్ళు లేవు కాబట్టి బిందెలతో తెచ్చిన నీళ్ళే చల్లారు. మెల్లగా దించాను. శాంతయ్య డ్రైవరుతో అన్న మాట నువ్వు విని ఉండవు: "బండి ఇంటికి తోలుకపోరా, ఈడ పనిలేదు."

అందరూ ప్రసాదంగా పంచిన మలీద తింటుంటే నువ్వు నా చేతిలో ముద్ద పెట్టి, దీంట్లో ప్రొటీన్ తక్కువ అన్నావు. అక్కడే ఏడ్చాను. చెమట అనుకున్నారు.

ఒకటి అడగాలి. పీరు లేచాక జనం కింద దూరి మొక్కుకుంటారు కదా. మోసేవాడు ఏమీ కోరకూడదు కాబట్టి ప్రతి ఏడూ సుబ్బరత్న దూరి నా కోసం కోరేది, ఈయప్ప చేతులకు బలమియ్యమని. ఈసారి నాకు కోరేవాళ్ళు లేరనుకున్నాను. నువ్వు కర్ర పక్కన పెట్టి వంగి దూరావు. పెదాలు కదిలాయి. డప్పుల చప్పుడులో వినబడలేదు. చెల్లెలి బదులు నువ్వు కోరావా? బలమేనా?

మహానంది


మైదుకూరు,
6 జూలై

మహానంది బావకు,

బలం అడగలేదు. బలానికి గుడ్లు, గుండు ఉన్నాయి, దానికి పీరును ఇబ్బంది పెట్టడమెందుకు?

నువ్వు నన్ను ఒంటరిగా వదలకూడదని తింటున్నావు. నాకు తెలుసు. రెండు రోజులు నీ పక్కన కూర్చుని చూశాను. నా చెయ్యి తట్టలో ఉన్నంతసేపే నీ చెయ్యి ఉంది. నేను రేపో మాపో పోతే నీ గతేమిటని భయం వేసింది బావా.

అందుకే వంగి అడిగాను, ఈయప్పకు ఆకలి ఇయ్యి సామీ అని.

రబ్బానీ


నందికొట్కూరు,
14 జూలై

రబ్బానీ బావకు,

రాత్రి మంచి వాన పడింది. తెల్లవారి లేచి చేను చూసి వచ్చాను. దారిలో ఎవరింట్లోనో ఉలవచారు కాగుతున్న వాసన వచ్చింది. ఇంటికి వచ్చి నీ సత్తుగిన్నెలో సంగటి గెలికాను. గుడ్లు ఉడకబెట్టాను. తట్టలో పెట్టుకుని గడియారం చూశాను. ఎనిమిది ఇంకా కాలేదు.

నీ కోసం ఆగలేకపోయాను బావా. తినేశాను.

మహానంది